నాలుగు నలభై ఒకటి

ఏడేళ్ళుగా ఒక పేజీని దాచుకుని తిరుగుతున్నాను. కొలతల పుస్తకంలో పేజీ. ఈ ఏడేళ్ళలో రెండు ఇళ్ళు మారాం. రెండుసార్లూ సామాను కట్టేటప్పుడు ముందుగా సర్దింది దాన్నే. కొత్త ఇంట్లో బీరువా పైన పాత దుప్పట్ల కింద పెట్టి, ఎవరూ లేనప్పుడు ఉందో లేదో చూసుకున్నదీ దాన్నే. చించి పారేస్తే పోయేది. ఎందుకు చించలేదు? తప్పు లెక్క వేసిన కాగితాన్ని చించకూడదు, కొట్టేసి పక్కన సరైనది రాయాలి అని నాకు నేనే పెట్టుకున్న నియమం ఒకటుంది. అదే అడ్డుపడిందేమో. కానీ కొట్టెయ్యనూ లేదు, సరైనది రాయనూ లేదు.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. ధైర్యం వచ్చి చెప్పడం లేదు. మొయ్యలేక చెబుతున్నాను.

మాది కదిరి పక్క పల్లె. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. బెంగళూరుకు కడ్డీలు కట్టే పనికి వచ్చాను. నాలుగేళ్ళు వంగి కడ్డీలు కట్టాక, ఆ కడ్డీలు ఎన్ని కావాలో, ఎంత పొడవున కొయ్యాలో ముందే చెప్పే మనిషి ఒకడుంటాడనీ, ఆయన నీడలో కూర్చుంటాడనీ గమనించాను. ఆ పని నేర్చుకోవాలనిపించింది. ఎవరూ నేర్పలేదు. పారేసిన ప్లాన్లు ఇంటికి తెచ్చుకుని, గీసిన దానికీ కట్టిన దానికీ పోల్చి చూసుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు సర్జాపుర రోడ్డులో లేస్తున్న అపార్టుమెంట్లకు ప్లాను చూసి ఇనుము ఎంతో, సిమెంటు ఎంతో, టైల్స్ ఎన్నో చెప్పేది నేనే. ఇంజనీర్లు కంప్యూటర్‌లో వేసుకుని కూడా ఒకసారి నన్ను అడుగుతారు.

నా పద్ధతి ఒకటే. ఏ లెక్కనైనా రెండు దారుల్లో వెయ్యాలి. కడ్డీలను పొడవు లెక్కన కూడితే ఎంతో, తూకం లెక్కన తిప్పి చూస్తే అంతే రావాలి. రెండూ కలిసేదాకా కింద సంతకం పెట్టను. మా కొలతల పుస్తకంలో ప్రతి పేజీ కిందా రెండు గీతలుంటాయి. కొలిచినవారు. సరిచూసినవారు. మా సైట్లలో ఆ రెండు చోట్లా నా పేరే ఉంటుంది, కానీ రెండో సంతకం మర్నాడు పెడతాను. ఒక నిద్ర పోయి లేచాక, ఇంకో దారిలో వేసి చూశాక.

నేను చెబుతున్న పేజీలో మొదటి గీత మీద నా పేరుంది. రెండో గీత ఏడేళ్ళుగా ఖాళీ.

మాకు ఒక్కతే కూతురు. పేరు సుమ అనుకోండి. అప్పుడు మేం బెంగళూరు శివారు హెబ్బగోడిలో ఉండేవాళ్ళం. సుమ పియూసీ రెండో ఏడు, మన ఇంటర్ లాంటిది. కాలేజీ వాళ్ళు నోటీసులన్నీ ఫోన్ గ్రూపులోనే పెడుతున్నారని స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాను. ఇచ్చిన రోజు దానికి నాలుగంకెల తాళం నంబరు పెట్టుకోమన్నాను. ఆ నంబరు నేను అడగనమ్మా అన్నాను. భార్య లక్ష్మి ముందే అన్నాను. సుమ ముఖం వెలిగిపోయింది. తర్వాత ఎన్నాళ్ళో, మా నాన్న నా ఫోన్ ముట్టడు అని తోటి పిల్లలతో గొప్పగా చెప్పుకునేదని లక్ష్మి నాతో అంది.

నంబరు అడగలేదు నిజమే. కానీ అంకెలతో బతికే వాడికి ఎదురుగా కూర్చున్న మనిషి వేలు కదిలే తీరు చాలు. మూడు రోజుల్లో పట్టేశాను. ఏ నంబరో తెలుసా? నా సైట్ హెల్మెట్ మీద పెయింట్‌తో రాసిన నంబరు. ఆ పిల్ల అదే పెట్టుకుంది. అది తెలిశాకైనా నాకు సిగ్గు వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని ఇప్పుడు అడుగుతున్నాను, అప్పుడు అడగలేదు.

మొదలైంది చపాతీలతో. సుమ మూడు తినేది. రెండుకు వచ్చింది. తర్వాత ఒకటిన్నర. పిలిస్తే రెండోసారికి పలికేది. ఎప్పుడూ లేనిది తెల్లవారి అయిదింటికే లేచి మేడ మీదికి వెళ్ళేది, చేతిలో ఫోన్. లక్ష్మిని అడిగాను. మార్కులు బాగానే వస్తున్నాయి కదా, ఎందుకు దాని వెనక పడతావు, వయసొచ్చిన పిల్లలు అలాగే ఉంటారు అంది. వయసొచ్చిన పిల్లలు అన్న మాటే నన్ను పట్టుకుంది.

మా సైట్ ఇంజనీరు తన ఫోన్ మెసేజీలను ఆఫీసు కంప్యూటర్‌లో చూసుకోవడం నేను చూసేవాణ్ణి. తెర మీద గళ్ళు గళ్ళుగా ఒక బొమ్మ వస్తుంది, దాన్ని ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేస్తే చాలు, ఫోన్‌లో వచ్చేదంతా అక్కడా కనిపిస్తుంది. ప్లాన్లు చూసుకోవడానికి కాంట్రాక్టరు ఇచ్చిన ట్యాబ్ ఒకటి నా దగ్గర ఉండేది. ఒక ఆదివారం ఉదయం సుమ తలస్నానానికి వెళ్ళింది. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నా హెల్మెట్ నంబరు కొట్టాను. ట్యాబ్ తెరను స్కాన్ చేశాను. ఫోన్ ఎక్కడ ఉందో అక్కడే, ఏ కోణంలో ఉందో ఆ కోణంలోనే పెట్టేశాను. నిమిషం కూడా పట్టలేదు.

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. నేను చదవలేదు. ఇదే నా గొప్పతనమని అప్పట్లో అనుకున్నాను. పిల్లలు తెలుగూ కన్నడమూ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు, సగం సగం మాటల్లో. నాకు ఇంగ్లీషు అక్షరాలు ప్లాన్ల మీద చదివినంత వరకే వచ్చు. కూడబలుక్కుంటే వస్తుంది, కానీ కూడబలుక్కోలేదు. కూతురి మాటలు చదవడం తప్పు. ఎన్ని మాటలో, ఏ వేళకో చూసుకోవడం తప్పు కాదు. అలా నాకు నేను ఒక గీత గీసుకున్నాను. ఎంత బాగా కుదిరిందో చూడండి. తప్పు చేస్తూనే మర్యాదస్తుణ్ణి అయిపోయాను.

కాలేజీ గ్రూపూ, మా బంధువుల గ్రూపూ తీసేస్తే మిగిలింది ఒకే నంబరు. సుమ దాన్ని ఆర్ అనే ఒక్క అక్షరంతో దాచుకుంది. దాని పక్కన ఫోటోలో మోటార్ సైకిల్‌కు ఆనుకుని నిలబడిన మగవాడు. పాతికేళ్ళుంటాయి. గడ్డం.

ఆ రోజు నుంచి పేజీ మొదలైంది. రోజూ మధ్యాహ్నం సైట్‌లో అన్నం తిన్నాక ట్యాబ్ తీసేవాణ్ణి. వచ్చినవి ఎన్ని, పోయినవి ఎన్ని, మొదటిది ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి. నాలుగు గళ్ళు. తొమ్మిది వారాలు నింపాను. వచ్చినవి ఆరువందల మూడు. సుమ పంపినవి అయిదువందల నలభై మూడు. ఆదివారాలు మాత్రం సున్నా, ఒక్క ఆదివారం కూడా తప్పకుండా సున్నా.

ఆరో వారానికల్లా నాకు ఒక తీరు కనబడింది. ఒక వారమంతా మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర మధ్య. తర్వాతి వారం తెల్లవారి అయిదున్నర నుంచి ఆరున్నర. ఆ తర్వాతి వారం ఉదయం ఏడు నుంచి ఏడుముప్పావు. మళ్ళీ మధ్యాహ్నం. హెబ్బగోడిలో ఉన్నవాడికి ఇది చెప్పక్కర్లేదు. చుట్టూ ఫ్యాక్టరీలే. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. వారానికో షిఫ్టు మారుతుంది. ఈ ఫోన్ గలవాడు షిఫ్టులో పనిచేస్తాడు. డ్యూటీ దిగి తినో, పడుకుని లేచో, తీరిగ్గా నా కూతురికి మెసేజీలు పెడతాడు. ఆదివారం పెట్టడు. ఎందుకు పెట్టడు? ఇంట్లో భార్య ఉంటుంది కనక. ఇంకొకటి. తొమ్మిది వారాల్లో ఏ రోజూ మొదటి మెసేజీ సుమ పంపలేదు, అవతల నుంచి వచ్చాకే జవాబిచ్చింది. అంటే వాడు ఆమెకు నేర్పాడు. నువ్వు ముందు పెట్టొద్దు, దొరికిపోతాం అని.

చక్కగా కుదిరింది. ప్రతి అంకె తన చోట కూర్చుంది. ఇన్నేళ్ళ పనిలో అంత శుభ్రంగా కుదిరిన లెక్క ఇంకొకటి లేదు. దాన్ని చూసి భయపడ్డాను సరే, లోపల ఎక్కడో కొంచెం మెచ్చుకున్నాను కూడా. ఇది చెప్పడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

తొమ్మిదో వారంలో ఒకే ఒక్క మాట చదివాను. చదవాలని కాదు, కళ్ళకు తగిలింది. ఇంగ్లీషులో అయిదు అక్షరాలు. పెళ్ళి. వెతికే చోట అదే మాట కొట్టి చూశాను. ముప్పై ఒక్కసార్లు ఉంది. అక్కడితో నా ఓపిక అయిపోయింది.

సుమను అడగొచ్చు. లక్ష్మితో చెప్పొచ్చు. కూర్చుని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదవొచ్చు. ఇవన్నీ రెండో దారులు. రోజూ నేను నడిచే దారులు. ఆ రోజు ఒక్కటీ తోచలేదు. లేదు, తోచింది. అడిగితే నేను చూస్తున్నానని తెలిసిపోతుంది. మా నాన్న ముట్టడు అన్న మాట పోతుంది. అందుకని వాడికే ఫోన్ చెయ్యాలనుకున్నాను.

శనివారం. మధ్యాహ్నపు మెసేజీల వారం, అంటే వాడిది ఆరు నుంచి రెండు షిఫ్టు. వేళ కూడా లెక్క వేసుకునే ఎంచుకున్నాను. నాలుగున్నరకు మెసేజీలు ఆగుతాయి. సుమ మధ్యలో ఉండకూడదు, వాడు తీరిగ్గా దొరకాలి. ఆ రోజు అంకెలు కూడా గళ్ళలో ఎక్కించి, సరిగ్గా అయిదున్నరకు, సైట్‌లో ఇసుక కుప్ప పక్కకు వెళ్ళి, నా ఫోన్ నుంచి చేశాను.

ఎత్తాడు. ఎవరని కన్నడలో అడిగాడు. నా కన్నడ రెండు ముక్కలు విని తెలుగులోకి దిగాడు.

"తెలుగులోనే చెప్పప్పా. మాది బాగేపల్లి పక్క."

"నేను సుమ నాయన్ను."

"ఏ సుమ?"

నటిస్తున్నాడనుకున్నాను. "ఏ సుమనో నీకు తెలీదా? తొమ్మిది వారాల నుంచి దినామూ మెసేజీలు పెడతా ఉండావు. మొదటి షిఫ్టు వారం మూడున్నరకాడ నుంచి నాలుగున్నర దాకా. రెండో షిఫ్టు వారం తెల్లారి అయిదున్నరకు. నైట్ షిఫ్టు వారం పొద్దున ఏడింటికి. నాకాడ అంతా రాసిపెట్టి ఉండాది. ఎన్ని పెట్టినావో గూడా చెప్తా. ఆర్నూట మూడు."

అవతల గొంతు తగ్గింది. భయపడ్డాడనుకున్నాను. మెల్లగా అడిగాడు.

"ఇంగోసారి చెప్పప్పా. నైట్ షిఫ్టు వారం ఎన్నింటికన్నావు?"

పుస్తకం తెరిచే ఉంది. గడి గడీ చదివి వినిపించాను. పనివాళ్ళకు కడ్డీల కొలతలు చెప్పినట్టు, ఆగి ఆగి, తప్పు పోకుండా చెప్పాను.

"ఆ పొద్దుకు నేను పండుకోనుంటానే," అన్నాడు. నాతో అన్నట్టు లేదు. సాకు వెతుక్కుంటున్నాడనుకున్నాను. తర్వాత గొంతు మారింది. "సరేప్పా. నువ్వు కూతురున్నోడివి. ఫోన్ చేసి మేలే చేసినావు. ఇంగ నా ఫోన్ నుంచి ఒక్కటి గూడా రాదు."

రాలేదు. సోమవారం గళ్ళలో సున్నా. మంగళవారం సున్నా. పని అయిందనుకున్నాను. సోమవారం మధ్యాహ్నం ఆ పేజీ కింద మొదటి గీత మీద సంతకం కూడా పెట్టాను.

మంగళవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సుమ మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. లక్ష్మి పక్కన నిలబడి ఉంది. మొత్తం ఆ సాయంత్రమే విన్నాను. మాకు నాలుగు వీధుల అవతల రూప అని ఒక పిల్ల. సుమతో పాటే చదివేది. మూడు నెలల కిందట ఇంట్లోవాళ్ళు చదువు మాన్పించారు. పదిహేడేళ్ళు నిండలేదు, ఊళ్ళో ముప్పై రెండేళ్ళ బంధువుకు ఇచ్చి పెళ్ళి చెయ్యాలని. ఆ పిల్లకు ఫోన్ లేదు, గడప దాటనిచ్చేవాళ్ళు కారు. వాళ్ళన్న ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. ఆయన నిద్రపోతున్నప్పుడు ఆయన ఫోన్ తీసి సుమకు మెసేజీలు పెట్టేది. పెట్టినవి పెట్టినట్టే తన వైపు తుడిచేసేది. ఆదివారం ఆయన ఇంట్లో మేలుకుని ఉంటాడు కనక పెట్టేది కాదు. సుమ ముందుగా పంపకూడదు, రూప బై అన్నాక ఇంకేమీ పంపకూడదు. అది ఇద్దరూ పెట్టుకున్న రూలు.

నా లెక్క తప్పలేదు. ఫోన్ గలవాడు షిఫ్టు మనిషే. షిఫ్టు మనిషి డ్యూటీ లేక తీరిగ్గా ఉండే వేళ అదే, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయే వేళా అదే. ఒకే అంకెలు. తిప్పి వేసి చూసుంటే రెండు సెకన్లలో కనబడేది.

సుమ తన లెక్చరర్ మేడంతో చెప్పిందట. ఆమె పిల్లల సంక్షేమం చూసే ఆఫీసులో మాట్లాడిందట. పుట్టిన తేదీ ఉన్న పదో తరగతి మార్కుల కార్డు ఫోటో, ఊరి చిరునామా పంపితే మిగతాది మేం చూసుకుంటామన్నారట. కార్డు వాళ్ళమ్మ పెట్టెలో ఉంది. సోమవారం వాళ్ళమ్మ బయటికి వెళ్తుంది, అప్పుడు తీసి ఫోటో పంపుతానని రూప శనివారం చెప్పింది. సోమవారం ఏమీ రాలేదు. మంగళవారం సుమ భయపడి తల్లిని తీసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళింది. తాళం. ఆదివారం పొద్దున్నే అందరూ ఊరికి వెళ్ళిపోయారని పక్కింటావిడ చెప్పింది. ఆ పిల్ల ముఖం ఉబ్బి ఉందని, తల మీద కొంగు దించి నడిపించుకుపోయారని కూడా చెప్పింది.

నేను చెప్పులు విప్పకుండానే విన్నాను.

"నా వల్లే నాన్నా," అంది సుమ. ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. నేను ఎప్పుడూ ముట్టనని తను నమ్మిన ఫోన్. "చూడు. నాలుగు ముప్పై రెండుకు రూప బై అనింది. నేను ఊరుకోక మళ్ళీ ఒకటి పెట్టినా. మండే మర్చిపోవద్దు అని. నాలుగు నలభై ఒకటి. అప్పటికి వాళ్ళన్న లేచుంటాడు. చూసుంటాడు."

నాలుగు నలభై ఒకటి. అది నా పేజీలో కూడా ఉంది. శనివారం చివరి గడిలో.

"ఒక్క మెసేజే కదమ్మా," అన్నాను.

"ఒక్కటి చాలు కదా నాన్నా."

అప్పుడు నేను చెప్పాలి. ఆ మెట్ల దగ్గర, ఆ నిమిషంలో. లక్ష్మి ఉంది, సుమ ఉంది, నేను ఉన్నాను. నీ మెసేజీ వాడు చూడలేదమ్మా, అయిదున్నరకు నేను ఫోన్ చేసినప్పుడు వాడు ఏ సుమ అని అడిగాడు, నేను చెప్పేదాకా వాడికి ఏమీ తెలియదు, వేళలన్నీ గడి గడీ చదివి వినిపించింది నేను. ఇంతే. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట ఇది.

"ఇంగోసారి జాగర్తగా ఉండు."

తను తల ఊపింది. నిజమే అన్నట్టు తల ఊపింది.

లెక్చరర్ మేడం ప్రయత్నం చేసింది. ఊరు బాగేపల్లి పక్క అని తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకు ఇంకొకటి తెలుసు, వాళ్ళన్న నంబరు. అది సుమ దగ్గరా ఉంది, మేడంకు ఇచ్చింది, కానీ ఆ ఫోన్ అప్పటికే ఆపేసి ఉంది. ఎవరో వెతుక్కుంటూ వెళ్ళేసరికి పెళ్ళి అయిపోయింది. తర్వాత ఆ కుటుంబం హెబ్బగోడికి తిరిగి రాలేదు. రూపకు ఒక పాప అని చాలా రోజులకు ఎవరో అన్నారు. బాగుందో లేదో నాకు తెలియదు. బాగుండాలని కోరుకునే హక్కు నాకు ఉందా అన్నదీ తెలియదు.

ఆ వారంలో నేను ఇంకో పని చేశాను. ట్యాబ్‌లో ఉన్నవన్నీ చదివాను. అన్నం వేళలో, అక్షరం అక్షరం కూడబలుక్కుని. మొత్తం చదవడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. తొమ్మిది వారాలు కూర్చుని లెక్కపెట్టిన వాణ్ణి. అందులో ఒకచోట రూప రాసింది, మీ నాన్నలాంటి మనిషి మా ఇంట్లో ఒక్కరున్నా చాలు అని. సుమ జవాబిచ్చింది, అవును, మా నాన్న నా ఫోన్ ముట్టనే ముట్టడు అని. అది చదివి ట్యాబ్‌లో ఆ కనెక్షన్ తీసేశాను. చేతులు కడుక్కున్నాను. చేతులకేమీ అంటలేదు, అయినా కడుక్కున్నాను.

ఎందుకు చెప్పలేదు? ఏడేళ్ళుగా ఈ ప్రశ్నను ఎన్ని వైపుల నుంచి వేసి చూశానో. మొదటి వారం, చెబితే సుమ చదువు పాడవుతుందని అనుకున్నాను. పరీక్షలు అయ్యాక, ఇప్పుడు మానుతున్న గాయాన్ని కెలకడమెందుకు అనుకున్నాను. కొన్ని రోజులు ఇంకో లెక్క కూడా వేశాను, ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నాలుగు నలభై ఒకటికీ అయిదున్నరకూ మధ్య నలభై తొమ్మిది నిమిషాలున్నాయి. ఆ నలభై తొమ్మిది నిమిషాల్లో వాళ్ళన్న నిజంగానే ఆ మెసేజీ చూసుండొచ్చు కదా? చూసి నా దగ్గర నటించాడేమో? తప్పులో సగం సుమదీ అవుతుందేమో? కన్నకూతురి మీదికి సగం తోసెయ్యడానికి నిమిషాలు లెక్కపెట్టిన తండ్రిని నేను. ఏ సుమ అన్న ఆ గొంతు నాకు బాగా గుర్తుంది. అది నటన కాదు.

ఇంకో లెక్క కూడా ఉంది. అయిదున్నరకు కాకుండా గంటన్నర ముందు చేసుంటే ఆ ఫోన్ ఎత్తేది రూపే. సుమ నాన్ననమ్మా అంటే, ఆ పిల్ల ఏమనేదో.

పోయిన నెలలో జరిగిన ఒక సంగతి చెబితే ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో మీకు తెలుస్తుంది. సుమకు ఇరవై నాలుగేళ్ళు. మారతహళ్ళిలో ఉద్యోగం, పీజీ హాస్టల్లో ఉంటుంది. ఒక సాయంత్రం ఏడింటికి, తిన్నావా అని మెసేజీ పెట్టాను. తిన్నాను, కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉంది అంది. మాత్ర వేసుకో అన్నాను. వేసుకున్నా అంది. సరే అన్నాను. అంతే. మర్నాడు పొద్దున తన గదిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. సుమ నిలబడలేకపోతోంది, ఆస్పత్రికి తీసుకొచ్చాం అని. డెంగ్యూ. నాలుగు రోజులు మంచం పక్కన కూర్చున్నాను. రోజూ ప్లేట్‌లెట్ల లెక్క రాసుకున్నాను. రాయకుండా ఉండటం నాకు రాదు.

కాస్త తేరుకున్నాక అడిగాను, జ్వరం పెరుగుతుంటే ఇంకో మెసేజీ పెట్టలేకపోయావా అని.

"నువ్వు సరే అన్నావు కదా నాన్నా," అంది. "సరే అన్నాక నేను ఎవరికీ పెట్టను. నీకు తెలుసు కదా."

నాకు తెలుసు. నేను లెక్కపెట్టాను కూడా. ఏడేళ్ళలో అవతలివాళ్ళు ముగించాక నా కూతురు రెండో మాట పంపలేదు. నాకు పంపలేదు, వాళ్ళమ్మకు పంపలేదు. పోయినేడు ఒకబ్బాయి ఇష్టపడ్డాడు, మంచివాడే. ఈమె మెసేజీలు సగంలో ఆగిపోతాయని, మనసులో ఏముందో తెలియదని మెల్లగా తప్పుకున్నాడు. లక్ష్మి నాతో చెప్పి బాధపడింది. నేను విన్నాను, పుస్తకం దుప్పట్ల కిందే ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ పేజీ తీశాను. ఇన్నేళ్ళకు దాన్ని రెండో దారిలో వేశాను. ఆ రెండో దారి ఇప్పుడు మీరు చదివింది. రాయడానికి అయిదు ఆదివారాలు పట్టింది.

ఇవాళ పొద్దున పదకొండింటికి సుమకు ఒక మెసేజీ పంపాను. ఎదురుగా చెప్పాలి, నాకు తెలుసు. ఎదురుగా నిలబడితే మళ్ళీ జాగర్తగా ఉండు అనేస్తానేమోనని భయం. తెలుగు అక్షరాల్లోనే కొట్టాను. రూపను పట్టించింది నీ నాలుగు నలభై ఒకటి కాదమ్మా. ఆ రోజు అయిదున్నరకు వాళ్ళన్నకు ఫోన్ చేసి వేళలన్నీ చెప్పింది నేను. తొమ్మిది వారాలు నీ ఫోన్ చూశాను. ఇంతే పంపాను. క్షమించు అని కొట్టి తీసేశాను. అది అడిగితే తను ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది.

పదకొండు పదహారుకు తను చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. జవాబు లేదు. లక్ష్మి వంటింట్లో ఉంది, తర్వాత ఆమెకు చెప్పాలి. సుమకు ఇంకొక మాట పంపాలని రెండుసార్లు ఫోన్ తీశాను. వేలు కదల్లేదు. నా కూతురు ఏడేళ్ళుగా ఎక్కడ ఆగిపోతోందో అక్కడికి ఇవాళ నేనూ వచ్చి ఆగాను.

తేలికగా ఉందా అంటే, అలసటగా ఉంది. కానీ ఇది వేరే అలసట, దించాక భుజాలకు తెలిసేది.

ఆ పేజీని అడ్డంగా కొట్టేసి, పక్కన సరైనది రాశాను. రెండు వరుసలే. ఇక్కడ మీకు నా పేరు చెప్పలేదు. అక్కడ, ఖాళీగా ఉన్న రెండో గీత మీద రాశాను.